మహారాష్ట్ర గ్రేడ్ డ్రాయింగ్ పరీక్ష, దాని సామాను, దాని క్లాసులు: సరిహద్దు జిల్లాల తెలుగు తల్లిదండ్రుల కోసం సమీక్ష

బల్లార్‌పూర్, రాజురా, సిరోంచ, ధర్మాబాద్ దిక్కు తెలుగిళ్లలో పిల్లలు ఏడో ఎనిమిదో తరగతికి రాగానే బడి నుంచి ఒక కబురు వస్తుంది: డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షకు పేరు రాయిస్తారా అని. మరాఠీలో దీన్ని శాసకీయ రేఖాకలా పరీక్ష అంటారు. మహారాష్ట్ర ప్రభుత్వ కళా సంచాలనాలయం జరుపుతుంది. మొదటి మెట్టు ఎలిమెంటరీ, రెండోది ఇంటర్మీడియట్. బొమ్మలేస్తే చదువు పాడవుతుందని కొందరు అక్కడికక్కడే వద్దంటారు. పదిలో మార్కులు కలుస్తాయట అని ఇంకొందరు ఏమీ కనుక్కోకుండా ఫీజు కట్టేస్తారు. రెండూ తొందరపాటే. పరీక్షను, దానికి కొనే సామానును, దాని పేరుతో నడిచే క్లాసులను కలిపి తూచి చూస్తే మా తీర్పు ఇది: వారానికి నాలుగు గంటలు మించకుండా, తొమ్మిదో తరగతి ముగిసేలోగా రెండు మెట్లూ పూర్తయ్యేలా పెట్టుకుంటే ఇది చదువుకు కలిసొచ్చే కళ. పదో తరగతిలోకి జారనిస్తే చదువు గంటల్ని తినేస్తుంది.

ముందు మార్కుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కువ మంది అడిగేది అదే. ఎలిమెంటరీకి పదో తరగతి బోర్డులో విడిగా మార్కులేమీ లేవు, అది ఇంటర్మీడియట్‌కు వెళ్లే దారి మాత్రమే. ఇంటర్మీడియట్‌లో ఎ గ్రేడ్ వస్తే 7, బి వస్తే 5, సి వస్తే 3 మార్కులు ఎస్‌ఎస్‌సీలో కలుస్తాయి. 500 మీద 7 అంటే 1.4 శాతం. పదకొండో తరగతి అడ్మిషన్ల జాబితాలో అది చిన్న తేడా కాదు. కానీ ఆ ఏడు మార్కుల కోసమే పిల్లను రెండేళ్లు కూర్చోబెట్టడం లెక్క కుదరని పని. అవే గంటలు లెక్కల మీద పెడితే అంతకన్నా ఎక్కువే రావచ్చు. పిల్ల చేయి బొమ్మల వైపు ఎలాగూ పోతుంటే, ఆ ఇష్టానికి ఒక క్రమం, ఒక గడువు, చివర ఒక కాగితం దొరుకుతాయి. ఈ పరీక్ష అసలు విలువ అక్కడుంది. ఆటలకు, ఎన్‌సీసీకి, స్కౌట్‌కు, శాస్త్రీయ నృత్య సంగీతాలకు, జానపద కళలకు కూడా బోర్డులో అదనపు మార్కులున్నాయి. వాటన్నిటి వెంటా ఒకేసారి పరిగెత్తించకండి. ఒక పిల్లకు ఒకటి చాలు.

మంచిర్యాల, ఆదిలాబాద్, నిజామాబాద్‌లో ఉన్న చుట్టాలు "మా పిల్లవాడు డ్రాయింగ్ లోయర్ పాసయ్యాడు, మీరూ అదే రాయించండి" అంటుంటారు. అక్కడి లోయర్, హయ్యర్ పరీక్షలు తెలంగాణ ప్రభుత్వానివి, టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కిందికి వస్తాయి. వాటి సర్టిఫికెట్ తెస్తే మహారాష్ట్ర బోర్డు ఈ మార్కులు వేయదు. ఇటు చదివే పిల్లలకు ఇటు పరీక్షే.

ఎలిమెంటరీలో నాలుగు పేపర్లు. వస్తుచిత్రం అంటే ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి గీయడం. స్మరణచిత్రం అంటే ఇచ్చిన విషయం మీద మనుషులతో కూడిన దృశ్యాన్ని మనసులోంచి వేయడం. సంకల్పచిత్రం అంటే ఇచ్చిన కొలతల్లో నక్షీ, అంటే అలంకార డిజైన్, అల్లి రంగులు నింపడం. నాలుగోది జామెట్రీ, అక్షరలేఖనం. ఇంటర్మీడియట్‌లో వస్తుచిత్రం స్థానంలో స్థిరచిత్రం (స్టిల్ లైఫ్, అంటే పేర్చిపెట్టిన వస్తువుల అమరిక) వస్తుంది, జామెట్రీలో ఘనాకారాలు చేరతాయి. పేపరును బట్టి సమయం రెండు నుంచి మూడు గంటలు. ఇంట్లో రోజుల తరబడి ఒక బొమ్మను దిద్దుకునే పిల్లలు ఇక్కడ దెబ్బతింటారు. గీత బాగుండి కూడా సగం రంగు వేసిన కాగితం ఇచ్చి వచ్చేవాళ్లు ప్రతి సెంటర్‌లో కనిపిస్తారు.

చదువుకు నేరుగా పనికొచ్చేది నాలుగో పేపరు. ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేదీ అదే. తొమ్మిదో తరగతి లెక్కల రెండో భాగంలో త్రిభుజ నిర్మాణాలున్నాయి. పదో తరగతి రెండో భాగంలో జామెట్రీ నిర్మాణాల పాఠమే ఉంది: సరూప త్రిభుజాలు, వృత్తానికి స్పర్శరేఖలు. వృత్తం బయటి బిందువు నుంచి స్పర్శరేఖ గీయాలంటే ఆ బిందువునూ కేంద్రాన్నీ కలిపే రేఖను సమద్విఖండన చేసి, మధ్యబిందువు కేంద్రంగా ఇంకో వృత్తం గీయాలి. డ్రాయింగ్ సాధన చేసిన పిల్లకు ఇది చేతి అలవాటు, చేయని పిల్లకు బట్టీ. అందుకే జామెట్రీ సాధనను బొమ్మల గంటల్లో లెక్కేయకుండా లెక్కల గంటల్లో పెట్టండి. బొమ్మలా చదువా అనే అమ్మానాన్నల గొడవలో సగం అక్కడే తీరుతుంది.

ఈ పేపరులో తప్పులు ఎక్కువగా పరికరాల వల్ల వస్తాయి. మామూలు జామెట్రీ బాక్సులోని కంపాస్ మర కొన్ని వారాలకే వదులవుతుంది. కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించవచ్చు: 6 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, అదే కొలతతో చుట్టూ కోతలు పెట్టుకుంటూ వెళ్తే ఆరో కోత సరిగ్గా మొదలైన చోటికే రావాలి. మిల్లీమీటరు పైగా తేడా వస్తే వేరేది చూపించమనండి. మూలమట్టం సరైనదో కాదో తెలియాలంటే ఒక అంచుకు ఆనించి నిలువు గీత గీసి, బోర్లించి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. పంచభుజిని ప్రొట్రాక్టర్‌తో 108 డిగ్రీలు కొలుచుకుంటూ గీసే పిల్లలకు చివరి భుజం మూసుకోదు, ఒక్కో మూల దగ్గర అర డిగ్రీ తప్పినా చివరికి అంతా కూడుతుంది. కంపాస్ పద్ధతే నేర్పించాలి. నిర్మాణ రేఖలకు 2హెచ్ పెన్సిల్ తేలిగ్గా, జవాబు ఆకారానికి హెచ్‌బీ గట్టిగా. నిర్మాణ రేఖల్ని చెరిపేస్తే ఆకారం ఎలా వచ్చిందో దిద్దేవాళ్లకు తెలియదు, చెరపవద్దని ముందే చెప్పాలి.

ఇక కాలం లెక్క. పరీక్ష సాధారణంగా సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో పడుతుంది. విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ చివర్లో గానీ తెరవరు, కాబట్టి చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల పిల్లలకు బడి తెరిచాక దొరికేది పన్నెండు పదమూడు వారాలే. నాందేడ్ జిల్లా మరాఠ్వాడాలోకి వస్తుంది గనక ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్ పిల్లలకు ఒకటి రెండు వారాలు ఎక్కువ. ఆ పన్నెండు వారాల్లోనే ఘటక్ చాచణి (యూనిట్ టెస్టు), ఎడ్ల పండుగ పోలా, గణపతి నవరాత్రులు పడతాయి. డ్రాయింగ్ పరీక్ష అయిన కొద్ది రోజులకే ప్రథమ సత్ర పరీక్షలు మొదలవుతాయి. పిల్లలు నలిగిపోయేది సరిగ్గా ఈ సందులో. ఆఖరి పదిహేను రోజులు రాత్రి పదకొండు దాకా రంగులు వేయించి, మర్నాటి నుంచి సైన్సు చదవమంటే ఏ పిల్లకైనా తల పనిచేయదు. మే నెలలో పొద్దున పూట గంట చొప్పున మనుషుల ఆకారాలు, వస్తువులు గీయించి ఉంచితే సెప్టెంబరులో ఆ తొక్కిడి ఉండదు.

బడి రోజుల్లో వారం ఇలా కుదురుతుంది. ఒక సాయంత్రం 45 నిమిషాలు జామెట్రీ, అది లెక్కల వాటా. ఇంకో సాయంత్రం 45 నిమిషాలు పెన్సిల్‌తో మనుషుల భంగిమలు. శనివారం బడి పొద్దుటి పూటే అయితే మధ్యాహ్నం రెండున్నర గంటలు గడియారం పెట్టి ఒక పూర్తి పేపరు: ఈ వారం వస్తుచిత్రం, వచ్చే వారం స్మరణం, ఆపై నక్షీ. ఆదివారం రంగుల డబ్బా ముట్టుకోవద్దు. జామెట్రీతో కలిపి మొత్తం నాలుగు గంటలు. ఘటక్ చాచణిలో మార్కులు తగ్గితే ముందు కోయాల్సింది నక్షీ సాధన, ఎందుకంటే ఎక్కువ సమయం మింగేది రంగు నింపడమే. నక్షీని పెన్సిల్‌తో అమర్చి, ఒక మూల మాత్రం రంగు వేయించి ఆపినా నేర్పు వస్తుంది. నిద్ర కోయవద్దు, ఆట కోయవద్దు. సెప్టెంబరు రెండో వారం తర్వాత కొత్త విషయం ఏదీ మొదలుపెట్టవద్దు.

సామాను విషయంలో దుకాణం వాళ్లు చూపే పెద్ద గిఫ్ట్ సెట్లు దండగ. అందులో సగం స్కెచ్ పెన్నులు, క్రేయాన్లు ఉంటాయి. ఈ పనికి కావలసింది పోస్టర్ రంగులు. క్యామెల్ స్టూడెంట్ పోస్టర్ రంగుల 12 సీసాల పెట్టె ఎలిమెంటరీకి సరిపోతుంది, బల్లార్‌పూర్, చంద్రపూర్‌లలో ఏ పెద్ద స్టేషనరీ దుకాణంలోనైనా ఉంటుంది. దాని లోపం ఒకటే, అన్ని రంగులూ ఒకే కొలతలో ఇస్తారు. నక్షీలో లేత ఛాయలన్నిటికీ తెలుపు కలపాలి గనక ముందు అయిపోయేది తెలుపు, తర్వాత పసుపు. అందుకే పెట్టెతో పాటు తెలుపు పెద్ద సీసా విడిగా కొనండి. నలుపు ఏడాదికీ మిగులుతుంది. వాటర్ కలర్ బిళ్లలు చవకని తీసుకుంటే నక్షీకి పనికిరావు, అవి పారదర్శకం, అడుగు గీతలు కనిపిస్తాయి, ఒకే తీరుగా నిండవు.

పోస్టర్ రంగు చిక్కని మజ్జిగలా జారాలి. పలచనైతే ఆరాక కుంచె చారలు కనిపిస్తాయి, గట్టిగా ఉంటే ఆరాక పగుళ్లిచ్చి రాలుతుంది. ఒక ఛాయ కలిపితే ఆ ఛాయ పడే చోట్లన్నిటికీ సరిపోయేంత ఒకేసారి కలపాలి, రెండోసారి కలిపిన రంగు మొదటిదానితో కలవదు. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరాక రంగు వేరువేరుగా కనిపిస్తాయి, పక్కన ముక్క కాగితం మీద వేసి ఆరనిచ్చి చూడటం అలవాటు చేయాలి. పెద్ద జాగాలు ముందు, సన్న అంచులు చివర. కుంచెలు సింథటిక్‌వి మేలు: గుండ్రనివి 2, 4, 6 నంబర్లు, చదునువి 4, 8. అంతకుమించి అక్కర్లేదు. నీళ్ల గ్లాసులో కుంచెను తల కిందులుగా నిలబెట్టి వదిలేస్తే మొన వంకర పోతుంది, ఇక ఆ కుంచెతో అంచు దిద్దలేరు. గ్లాసులు రెండుండాలి, ఒకటి కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. పరీక్ష గదిలో మురికి నీళ్లతో పసుపు వేసి బురద రంగు తెచ్చుకునే పిల్లలు చాలామంది.

కాగితం దగ్గర డబ్బు మిగుల్చుకోవచ్చు. సాధనకు పావు ఇంపీరియల్ కొలత, అంటే 11 అంగుళాలకు 15 అంగుళాలు అనుకూలం. డ్రాయింగ్ పుస్తకాలు కొనే బదులు 22 అంగుళాలకు 30 అంగుళాల పూర్తి కార్ట్రిడ్జ్ షీట్లు తీసుకుని నాలుగుగా కోయించండి. పలచని కాగితం మీద పోస్టర్ రంగు వేస్తే అలలు తిరుగుతుంది. ఎ3 కొలత బోర్డు, నాలుగు క్లిప్పులు తప్పనిసరి, బడి బల్లలు ఇరుకుగా, గీతలు పడి ఉంటాయి. పెన్సిళ్లు అప్సర 2హెచ్, హెచ్‌బీ, 2బీ, 4బీ చాలు. కంపాస్ మీద మాత్రం పొదుపు చేయకండి.

మన వైపు వానాకాలాన్ని సామాను లెక్కలోకి తీసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో ప్రాణహిత, గోదావరి ఒడ్డున గాలిలో తేమకు పోస్టర్ రంగు త్వరగా ఆరదు. ఆరని రంగు పక్కన ఇంకో రంగు వేస్తే రెండూ ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. పక్కపక్క గళ్లు కాకుండా ఒక గడి వదిలి ఒక గడి నింపుకుంటూ పోవాలి. కాగితాలు ప్లాస్టిక్ కవర్‌లో, బోర్డు కింద చదునుగా ఉంచాలి, చుట్ట చుడితే పరీక్ష నాటికి విప్పినా నిలబడవు. సీసా మూత చుట్టూ పేరుకున్న రంగును తుడవకుండా బిగిస్తే బిగుసుకుపోయి, పరీక్ష గదిలో తెరుచుకోదు. కొద్ది నీళ్లు పోసి నెలల తరబడి వదిలేసిన సీసాలో బూజు పడుతుంది, వాసన వస్తే పారేయండి.

వస్తుచిత్రంలో అందరూ చేసే తప్పు కుండ అడుగును గీతలా గీయడం. మూతి కళ్లకు దగ్గరి ఎత్తులో ఉంటే సన్నని దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది, అడుగు ఇంకా కిందికి ఉంటుంది గనక దాని వంపు ఎక్కువ కనపడాలి. రోజూ ఇంట్లో స్టీలు చెంబు, బిందె పెట్టి కూర్చున్న చోటు నుంచి చూసి గీయిస్తే వారంలో పట్టుబడుతుంది. ఫొటో చూసి గీయించవద్దు, పరీక్షలో ఉండేది వస్తువే. బొమ్మ కాగితం మధ్యలో నిమ్మకాయంత గీయడం ఇంకో జబ్బు, వస్తువులు కాగితంలో మూడింట రెండొంతులు నిండాలి.

స్మరణచిత్రానికి గైడ్లలో తయారు బొమ్మలు దొరుకుతాయి. క్లాసు మొత్తం ఒకటే కూరగాయల అంగడి, ఒకే చెట్టు, ఒకే ముసలావిడ. అది నేర్చుకోవడం కాదు. పిల్ల చూసిన దృశ్యాలు బోలెడున్నాయి: నాట్ల పొలం, ఇప్పపూలు ఏరడం, బల్లార్‌పూర్ ప్లాట్‌ఫాం, వారపు సంత. ముగ్గురు మనుషుల్ని వేర్వేరు భంగిమల్లో, ఒకరు ముందు పెద్దగా, ఇద్దరు వెనక చిన్నగా పెట్టడం వస్తే ఏ విషయం ఇచ్చినా అందులోకి మార్చుకోవచ్చు. పెద్దవాళ్ల ఎత్తు ఏడున్నర తలలంత, చిన్నపిల్లలది ఐదారు తలలంత. పెద్ద మనిషిని కురచగా వేసి చిన్నపిల్ల అనడం కుదరదు.

క్లాసుల సంగతి. బడిలో డ్రాయింగ్ సార్ ఉండి, పాత ప్రశ్నపత్రాలు సమయం పెట్టి చేయిస్తుంటే బయటి క్లాసు అక్కర్లేదు. సార్ లేని బడుల పిల్లలకు బయట క్లాసు ఉపయోగమే, కానీ చేర్చే ముందు ఒక శనివారం వెళ్లి పక్కన కూర్చోండి. నేర్పేవారు పిల్ల కాగితం మీద తామే గీసి దిద్దేస్తుంటే బొమ్మ అందంగా ఇంటికి వస్తుంది, చేయి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పక్కన వేరే ముక్క మీద గీసి చూపించి, పిల్లతోనే మళ్లీ వేయించేవాళ్లు మంచివాళ్లు. నాలుగు పేపర్లకూ సమయం పంచుతున్నారా, లేక నక్షీ ఒక్కటే పదేపదే వేయిస్తున్నారా అడగండి. జామెట్రీ నేర్పని క్లాసుకు పూర్తి ఫీజు ఇవ్వడం అనవసరం. వారానికి ఐదు రోజులు రమ్మంటే ట్యూషన్, హోంవర్కు రెండూ వెనకబడతాయి, రెండు రోజులకు ఒప్పించండి. ఎ గ్రేడ్ గ్యారంటీ అనే బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి. యూట్యూబ్ కంపాస్ నిర్మాణాలకు బాగా పనికొస్తుంది, వస్తుచిత్రానికి పనికిరాదు, పిల్ల ఏ కోణం నుంచి చూస్తోందో ఫోనుకు తెలియదు కదా.

బొమ్మల మీద బొత్తిగా ఆసక్తి లేని పిల్లను దీనికి పెట్టకండి. ఆ పిల్లకు కబడ్డీ, చదరంగం, తబలా ఏదైనా ఉండొచ్చు, దాని దారి దానికుంది. రాతలో, చదవడంలో ఇంకా వెనకబడి ఉన్న పిల్లకు ఎనిమిదిలో కాక, తడబాటు తీరాకే ఆలోచించండి. ఇష్టం గట్టిగా ఉన్న పిల్లకు మాత్రం ఇది ఏడు మార్కుల దగ్గర ఆగదు. పన్నెండు తర్వాత ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి మహారాష్ట్ర పెట్టే ఏఏసీ సీఈటీ ప్రవేశ పరీక్షలో జనరల్ నాలెడ్జ్‌తో పాటు ఉండేవి వస్తుచిత్రం, స్మరణచిత్రం, డిజైన్. 1857లో మొదలైన ముంబై జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ పేరు విని భయపడే పిల్ల, ఆ మూడు పేపర్లనూ పద్నాలుగేళ్లకే ఒకసారి రాసి ఉంటుంది.

సిరోంచ, అంకీస, ఆసరెల్లి లాంటి దూరపు ఊళ్ల వాళ్లు సెంటర్ ఎక్కడ పడిందో హాల్ టికెట్ వచ్చిన రోజే చూసుకోవాలి. రెండు రోజుల పరీక్షకు వానల్లో పొద్దున బస్సు నమ్ముకోవద్దు, ముందు రాత్రే చేరి ఉండాలి. బోర్డు తడవకుండా ప్లాస్టిక్ సంచీ, గుడ్డ ముక్కలు రెండు, మూత గట్టిగా పడే నీళ్ల సీసా సంచీలో ఉండాలి.

చివరగా, మన తెలుగిళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. పేరు. మహారాష్ట్ర బడి రిజిస్టరులో ఇంటిపేరు, పిల్ల పేరు, తండ్రి పేరు మూడూ పూర్తిగా ఉంటాయి. మన ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించి, తండ్రి పేరు లేకుండా ఉండటం మామూలే. డ్రాయింగ్ పరీక్ష ఫారంలో ఆధార్ చూసి రాసి, పదో తరగతి ఫారంలో రిజిస్టరు చూసి రాస్తే రెండు సర్టిఫికెట్లలో ఇద్దరు పిల్లలవుతారు, మార్కుల ప్రతిపాదన వెనక్కి వస్తుంది. ఎలిమెంటరీ ఫారం నింపే రోజే బడి జనరల్ రిజిస్టరులో ఉన్నట్టు, అదే వరసలో, అదే స్పెల్లింగ్‌తో రాయించండి. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ సరిచూసి, రెండు జిరాక్సులు తీసి ఒకటి బడిలో ఇచ్చి రసీదు తీసుకోండి. పదో తరగతిలో ఈ మార్కుల ప్రతిపాదన బడి నుంచే బోర్డుకు పోవాలి. దాని గడువు తేదీని డిసెంబరు మొదట్లోనే క్లాసు టీచరును అడిగి క్యాలెండరు మీద రాసుకోండి.